కాపా అందించిన మాట

వొల్గా ఒడ్డున ఉన్న బెరెజొవ్‌స్క్ నాటకశాలలో, స్టేజీ అంచున సరిగ్గా నడిమధ్యన, బోర్లించిన డొప్పలాంటి చెక్క గూడు ఒకటుంది. దాని కింద గుంట. గుంటలో ఒక కుర్చీ, ఒక చిన్న దీపం, కుర్చీలో కపితొలీనా సావిష్న గ్రూజ్‌దెవా. అంత పొడుగు పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? ఊరందరికీ ఆవిడ కాపా పిన్ని. నాటకశాలలో ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా ప్రాంప్టర్.

ప్రాంప్టరంటే ఏముంది, పుస్తకం చూసి చదవడమేగా అనుకునే మహానుభావులుంటారు. అలాంటివాళ్ళని ఒక్క పూట ఆ గుంటలో కూర్చోబెట్టాలి, తలప్రాణం తోకకొస్తుంది. నటుడి నోట్లో ఉన్న మాటకంటే అరవాక్యం ముందు కాపా కళ్ళు పరిగెత్తాలి. అతగాడు ఆగితే ఊపిరి తీరు చూసి పోల్చుకోవాలి, భావం కోసం ఆగాడా, మాట దొరక్క ఆగాడా అని. భావం కోసం ఆగినప్పుడు అందిస్తే, తెర పడ్డాక వచ్చి నిప్పులు చెరుగుతాడు. మాట దొరకనప్పుడు అందించకపోతే నిలువునా కూలిపోతాడు. అందించిన మాట స్టేజీ మీది మనిషికి వినపడాలి, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకి వినపడకూడదు. ఇంతా చేస్తే చివర్లో అందరూ చేతులు పట్టుకుని దండం పెట్టే వేళకి ఆవిడని పిలిచేవాడు ఉండడు. కాపాకి దాని మీద బెంగ లేదు. కనపడకుండా ఉండడమే తన పనికి అందం అనుకునేది.

పడవ సరంగు కూతురు ఆవిడ. పదహారేళ్ళకి నారబట్టల మిల్లులో చేరింది, ఆ దుమ్ము పడక ఊపిరితిత్తులు చెడితే నాటకశాలలో నేల తుడిచే పనికి వచ్చింది. తుడుస్తూ తుడుస్తూ నాటకాలన్నీ కంఠతా పట్టేసింది. పాత ప్రాంప్టరుకి చూపు పోయినప్పుడు, మేనేజరు ఈ పిల్లని పిలిచి, "గుంటలో కూర్చుంటావా?" అన్నాడు. అలా కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. రెండేళ్ళకి అక్కడి నటుడు రొదియోన్ గ్రూజ్‌దెవ్‌ని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకున్నదానికంటే, ఆవిడ గుంటలోంచి ఆయనకి అందించిన మాటలే ఎక్కువ. పిల్లలు కలగలేదు.

రొదియోన్ నటన గురించి ఏమాటకామాటే చెప్పుకోవాలి, మంచి నటుడు. పొట్టివాడు, బంగాళదుంప లాంటి ముక్కు, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే కనుబొమలు. పెళ్ళయిన కొత్తలో ఆయనకి అన్ని రకాల వేషాలూ ఇచ్చేవారు. ఒకసారి ఉరికంబం ఎక్కే ఖైదీ వేషం వేస్తే, గుంటలో కాపా పుస్తకం మీద కన్నీళ్ళు పడి రెండు పేజీలు అంటుకుపోయాయి. ఆ పేజీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఆయన ముప్ఫయ్యెనిమిదో ఏట రాజధాని నుంచి సినిమావాళ్ళొచ్చారు. రేవులో ఏదో హాస్య చిత్రం తీస్తున్నారు. కూరగాయల గోదాములో దొంగలెక్కలు రాసే గుమాస్తా వేషానికి తెచ్చుకున్న నటుడు తాగి పడిపోతే, ఒక్కరోజు పనికి రొదియోన్‌ని పట్టుకెళ్ళారు. ఇనస్పెక్టరు తనిఖీకి వస్తాడు. గుమాస్తా వెళ్ళి ఊరవేసిన కాబేజీ పీపాలో దాక్కుంటాడు. ఇనస్పెక్టరు పీపా మీద మూడుసార్లు తడతాడు. లోపల్నుంచి గొంతు వస్తుంది: "ఎవరూ లేరు! అందరూ భోజనానికెళ్ళారు!" ఆ తర్వాత మూత లేచి, నెత్తిన కాబేజీతో గుమాస్తా తల బయటికొస్తుంది. అంతే. నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాలే ఆయన్ని మింగేశాయి.

మరుసటేడు సినిమా దేశమంతా ఆడింది. ఆ తర్వాత ప్రతి కొత్త సంవత్సరానికీ టీవీలో వేయడం మొదలెట్టారు. రొదియోన్ రైలెక్కితే పెట్టె గోడ మీద మూడుసార్లు తట్టేవారు. ఆవిరి స్నానానికి వెళ్తే తలుపు మీద తట్టేవారు. రొట్టెల దుకాణంలో, పోస్టాఫీసులో, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చున్నప్పుడు కూడా టక్, టక్, టక్. తట్టి, పళ్ళికిలించి చూస్తూ నిలబడేవారు. ఆయన చెప్పాలి. చెప్పకపోతే, "అబ్బో, పేరు రాగానే తలకెక్కిందిరా పీపా బాబాయ్‌కి!" అని మూతి తిప్పుకునేవారు. మెత్తటి మనిషి. చెప్పేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

నాటకంలోనూ అదే అయ్యింది. కొడుకు చచ్చిపోయాడని రాజుకి వార్త మోసుకొచ్చే వేషంలో ఆయన స్టేజీ మీదకి వస్తే హాలంతా ఫక్కున నవ్వింది. నోరు తెరవకముందే నవ్వారు. రెండో ప్రదర్శనకి ఆ వేషం వేరేవాడికిచ్చేశారు. అక్కణ్ణుంచి ముప్ఫయ్యేళ్ళు తాగుబోతులు, పెళ్ళాల చేత తన్నులు తినే మొగుళ్ళు, డిసెంబరు నెలలో దూది గడ్డం పెట్టుకుని పిల్లలకి కానుకలు పంచే మంచుతాత వేషం. దేశం విడిపోయి జనానికి తినడానికి లేని రోజుల్లో, కొత్త దుకాణం తెరిచిన ప్రతివాడూ గుమ్మం ముందు ఒక పీపా పెట్టి, అందులో ఆయన్ని కూర్చోబెట్టాడు. గడ్డకట్టే చలిలో, అరవయ్యేళ్ళ మనిషిని.

వీటన్నిటికంటే కాపా మరిచిపోలేనిది అత్తగారి అంత్యక్రియలనాడు జరిగింది. పంతొమ్మిది వందల ఎనభై ఒకటో సంవత్సరం. పాతిపెట్టి వచ్చి, అట్లూ తేనె గోధుమన్నమూ పెట్టుకుని, బల్ల చుట్టూ కూర్చున్నారు. అలాంటి బల్ల దగ్గర గ్లాసుకి గ్లాసు తగిలించడం కూడా తప్పు, మాటలు కూడా లోగొంతుకతో ఆడతారు. రొదియోన్ లేచి నిలబడ్డాడు, తల్లి గురించి నాలుగు మాటలు చెబుదామని. యుద్ధానికి వెళ్ళిన మొగుడు రేవు దాటి వస్తాడని ఆ తల్లి తొమ్మిదేళ్ళు ప్రతి శనివారం వెళ్ళి ఒడ్డున నిలబడింది. ఆ సంగతి చెప్పబోయాడు. "మా అమ్మ..." అన్నాడో లేదో, నాలుగో గ్లాసులో ఉన్న మేనబావ ఫెదోత్ బల్ల మీద తట్టాడు. టక్, టక్, టక్.

ఎవరో కిసుక్కుమన్నారు. రొదియోన్ మొహం కందగడ్డయింది. అయినా చెప్పాడు. ఆ మాటే చెప్పాడు, తల్లి ఫొటో ముందు నిలబడి. బల్లంతా పగలబడి నవ్వింది. ఏడుపు మొహాలతో కూర్చున్నవాళ్ళకి అదో ఉపశమనం కాబోలు.

కాసేపటికి కట్టెల కొట్టంలో ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంటే కాపా వెళ్ళింది.

"వాడి నోరు పడ," అంది. "నువ్వెందుకన్నావయ్యా? ఛీ పొమ్మనలేకపోయావా?"

"ఏమో. తట్టగానే వచ్చేస్తుంది కాపా. నా చేతిలో లేదు." తల ఎత్తలేదు. "నువ్వు మాత్రం ఎప్పుడూ అడక్కు. నీ నోట ఆ మాట వింటే మాత్రం నేను బతకను."

"చచ్చినా అనను," అంది కాపా. ఇరవై మూడేళ్ళు ఆ మాట మీదే నిలబడింది.

రొదియోన్‌కి డెబ్బై నిండబోతున్న ఏడు వసంతంలో అసలు కష్టం మొదలైంది. ఒకరోజు రొట్టెకని వెళ్ళి, సాయంత్రం దాకా ట్రాములో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ఇంకోరోజు సంధ్యవేళ కాపాని చూసి, "అమ్మా, ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు మర్యాదగా. ఆవిడ ఏదో పరీక్ష అని మభ్యపెట్టి డాక్టరు దగ్గరికి తీసికెళ్ళింది. డాక్టరు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి ఈవిడతో విడిగా మాట్లాడాడు.

"మెదడులో రక్తనాళాలు గట్టిపడుతున్నాయమ్మా. ఇది వెనక్కి మళ్ళేది కాదు. పొద్దుటిపూట బాగానే ఉంటారు. పొద్దు వాలేకొద్దీ తప్పుతారు. ఆయనకి చెప్పమంటారా?"

"వద్దు బాబూ. చెప్పొద్దు."

ఎందుకు వద్దందంటే, వాళ్ళ నాటకశాలలోనే ఒకప్పుడు ఒక ముసలి నటుడికి ఇలాగే మతి పోయింది. కుర్రవాళ్ళు ఆయన టోపీ దాచేసి, వెతుకుతుంటే చూసి నవ్వేవారు. అప్పుడు రొదియోన్ అన్నాడు, నవ్వకుండానే అన్నాడు: "నాకలాంటిది వచ్చిందని తెలిసిన రోజున వొల్గాలో దూకేస్తాను కాపా. అన్నిటికీ నవ్వనీ, దానికి మాత్రం నవ్వించుకోను." ఆయన అన్నంత పనీ చేసే మనిషని కాపాకి తెలుసు. అందుకే మరుపొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి సర్దిచెప్పేది. ముసలితనం అనేది. వాతావరణం అనేది. నాకూ అంతేగా అనేది.

సరిగ్గా అలాంటి సమయంలో బెనిఫిట్ వచ్చిపడింది. డెబ్బై ఏళ్ళు నిండిన నటుడికి నాటకశాల ఒక ప్రదర్శన కానుకగా ఇస్తుంది. ఏ నాటకం, ఏ వేషమన్నది ఆయన ఇష్టం. దర్శకుడు వదీమ్ ముప్ఫై ఆరేళ్ళ కుర్రాడు. పీపా సినిమానే నాటకంగా రాయించి ఆడిద్దామని వచ్చాడు.

"వద్దయ్యా," అన్నాడు రొదియోన్. "నేను పడవవాడి వేషం వేస్తాను."

అది ఊరి రచయితెవరో ఎప్పుడో రాసి పెట్టిన నాటకం. ముసలి పడవవాడు, యుద్ధానికి వెళ్ళిన ముగ్గురు కొడుకులు. చివరి రంగంలో ముసలాడు ఖాళీ రేవులో నిలబడి, అవతలి ఒడ్డుకి వినపడేలా ఒక్కొక్క కొడుకునీ పేరు పెట్టి పిలుస్తాడు. ఒక్కొక్కడికీ ఇంటి కబురు ఒకటి చెబుతాడు. ఎవరూ పలకరు. అంతటితో తెర.

వదీమ్ మొహం చిట్లించాడు. "మిమ్మల్ని చూస్తే జనం ఏడుస్తారా రొదియోన్ ల్వోవిచ్ గారూ?"

"నవ్విన నాపచేనే పండుతుందిరా అబ్బాయ్. ఒక్కసారి, చచ్చేలోపల ఒక్కసారి, నేను స్టేజీ మీదుంటే హాల్లో ఒక్కడూ నవ్వకూడదు. ఇంకేమీ అడగను మిమ్మల్ని."

ఆ వేసవంతా పొద్దున్నే వంటింట్లో కూర్చుని కాపా చదివించింది. పొద్దుటిపూట ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు. ఆ రేవులో కొడుకుల్ని పిలుస్తుంటే, తొమ్మిదేళ్ళు ఒడ్డున నిలబడ్డ అత్తగారు కాపా కళ్ళకి కట్టేది. కానీ ప్రదర్శన సాయంత్రం ఆరింటికి. ఆవిడ వెళ్ళి వదీమ్ కాళ్ళావేళ్ళా పడింది.

"పగటాట పెట్టు నాయనా. పెద్దాయన, సాయంత్రానికి అలిసిపోతాడు."

"కుదరదు కాపా పిన్నీ. జిల్లా పెద్దలంతా వస్తున్నారు. పగలు వాళ్ళకి ఆఫీసులుంటాయి. అయినా నువ్వున్నావుగా గుంటలో, ఇంకేం భయం?"

అసలు కారణం చెబితే వేషం తీసేస్తారు. చెప్పకపోతే సాయంత్రాటే. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆవిడ పని. ఇంటికొచ్చి, ఆయన కోటుకి బొత్తాలు కుట్టింది.

శనివారం హాలు నిండింది. రొదియోన్ తెడ్డు పట్టుకుని రాగానే నవ్వు లేచింది. బాల్కనీలో ఒక వెధవ కటకటాల మీద మూడుసార్లు తట్టాడు. కాపా గుంటలో పళ్ళు కొరుక్కుంది. కానీ ఆయన పలకలేదు! జనానికి వీపు పెట్టి, వెనక తెర మీది నది చూస్తూ నిలబడిపోయాడు. నవ్వు ఒకసారి తగ్గి, మళ్ళీ లేచి, చివరికి అలిసిపోయి ఆగింది. అప్పుడు తిరిగి మొదటి మాట అన్నాడు.

మొదటి అంకంలో రెండుసార్లు మాట జారింది. కాపా అందించింది, ఆయన అందుకున్నాడు. రెండో అంకంలో ఏడుసార్లు. ఎవరికీ తెలియలేదు. జనం దగ్గడం మానేశారు. ఆ నిశ్శబ్దం ఎంత చిక్కగా ఉందో గుంటలో ఉన్న మనిషికి తెలుస్తుంది. పెద్ద కొడుకు చావు కబురు వచ్చే రంగంలో రెండో వరసలో ఎవరో ఆడమనిషి వెక్కింది. 'ఏడువమ్మా, ఏడువు, నీ కడుపు చల్లగా,' అనుకుంది కాపా, పుస్తకం మీంచి చూపు ఎత్తకుండా.

చివరి రంగం. రేవు. రొదియోన్ అంచు దాకా వచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"యెగోర్! నీ గుర్రం ఈనింది రా! మచ్చల పిల్ల!"

హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

"తిఖోన్! నీ చెప్పులు బాగుచేయించాను! మంచం కింద పెట్టాను!"

ముక్కులు చీదుతున్న చప్పుడు. ఇక ఒక్కటే పేరు. ఒక్క పేరు, ఒక్క కబురు, తెర.

రొదియోన్ చేతులు దించేశాడు.

"మిత్యా," అని అందించింది కాపా. ఆయన ఆవిడవైపు చూశాడు. "మిత్యా," అంది మళ్ళీ, ఇంకాస్త గట్టిగా. ఆయన వంగి గుంటలోకి చూశాడు. అక్కడెవరో ముసలమ్మ ఎందుకు కూర్చుందో తెలియనట్టు చూశాడు. మూడోసారి అందించింది. నాలుగోసారి. ఆయన కోటు బొత్తాం తిప్పుకుంటూ అటూ ఇటూ చూసి, "నన్నిక్కడికి ఎవరు తీసుకొచ్చారు?" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

మొదటి వరసకి వినపడింది. అక్కడ కూర్చున్న జిల్లా అధికారి పక్కావిడ చెవిలో ఏదో అన్నాడు. "ముసలాయనకి బుర్ర..." అన్నంతవరకూ కాపాకి తెలిసింది. పక్క తెర వెనక వదీమ్ తల పట్టుకున్నాడు. రొదియోన్ తెడ్డు కింద పడేసి, చీకట్లో ఇంతమంది తనని ఎందుకు చూస్తున్నారో అర్థంకాక వణుకుతున్నాడు. ఇంకో నిమిషం ఇలాగే గడిస్తే రేపు ఊరంతా అంటుంది. ఎవడో ఒకడు ఆయన మొహమ్మీదే అంటాడు. ఆ తర్వాత నది ఎంత దూరంలో ఉంది కనుక?

ఆయనలో చావకుండా మిగిలిన మాట ఏదో కాపాకి తెలుసు.

చెయ్యి పైకెత్తి, గూడు చెక్క మీద మూడుసార్లు తట్టింది. "ఎవరూ లేరు," అని అందించింది. "అందరూ భోజనానికెళ్ళారు."

రొదియోన్ కనుబొమలు పైకి లేచాయి. నడుం నిటారుగా అయ్యింది. ఖాళీ రేవుకేసి, రాని కొడుకులకేసి తిరిగి, ముప్ఫై రెండేళ్ళనాటి గొంతుతో ఆ మాట అన్నాడు.

హాలు ఒక్కసారిగా పగిలిపోయింది. ఏడుస్తున్నవాళ్ళే కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "ఎంత ఏడిపించాడ్రా మాయదారి ముసలాడు, చివరికి ఎలా తిప్పికొట్టాడో చూడు!" అని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర మూడుసార్లు లేపాల్సి వచ్చింది. మూడుసార్లూ ఆయన చేతినిండా పూలతో నవ్వుతూ వంగి దండం పెట్టాడు. కాపా గుంటలో దీపం ఆర్పేసుకుని, చప్పట్లు ఆగేదాకా కూర్చుంది.

మర్నాడు పొద్దున రొదియోన్ తనే గడ్డం గీసుకున్నాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు గానీ జావ ముట్టుకోలేదు.

"కాపా."

"ఊఁ."

"నిన్న తట్టింది నువ్వే."

ఆవిడ బాల్కనీవాడి మీదకి నెట్టేద్దామని నోరు తెరిచింది.

"అబద్ధమాడకు. నీ గొంతు నాకు తెలీదా? బతుకంతా ఆ గొంతు పట్టుకుని నడిచినవాణ్ణి."

"నేనే," అంది.

"ఎందుకు? మిత్యా అని ఒక్క మాట అందిస్తే అయిపోయేదిగా! ఏడుస్తున్నారే, చెవులారా విన్నాను, ఏడుస్తున్నారు! ఎందుకలా చేశావ్?"

నాలుగుసార్లు అందించానయ్యా అనాలి. అంటే, నాకెందుకు వినపడలేదు అంటాడు. ఆ తర్వాత దాచిపెట్టినదంతా విప్పాలి. కాపా చివరికి, ప్రాంప్టరన్న మనిషి ప్రాణం పోయినా అనకూడని మాట అంది.

"పుస్తకంలో చోటు తప్పాను. కళ్ళజోడు జారిపోయింది. కంగారులో ఏది నోటికొస్తే అది అనేశాను."

"చోటు తప్పావా?" ఆయన లేచి నిలబడ్డాడు. "మూడు పదుల పైచిలుకు ఏళ్ళు ఎవడికీ తప్పనిదానివి, నాకా తప్పావు? ఊరందర్నీ గట్టెక్కించి, నన్ను మాత్రం నీ చేత్తో ఆ పీపాలో తోశావా? ఫెదోత్ తాగి ఉన్నాడు. నీకేమైందే?"

"నాదే తప్పు," అంది కాపా.

ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని ఆవిడకి వీపు పెట్టి కూర్చున్నాడు. కాపా గిన్నెలు తోమింది. కాబేజీ తరిగింది. ఉల్లిపాయ లేకుండానే కళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంది.

మధ్యాహ్నం కాబేజీ పులుసు ఉడికిన వాసనకి ఆయన వెనక్కి తిరిగాడు. మొహం తేటగా ఉంది, కోపం ఆనవాలు కూడా లేదు.

"కాపా, బెనిఫిట్ ఎప్పుడన్నారు?"

కాపా గరిటె కింద పెట్టింది. "వచ్చే శనివారం," అంది కాపా.

"అయితే ఇంకా టైముంది." బల్ల దగ్గరికొచ్చి నల్లరొట్టె తుంచుకున్నాడు. "ఒక్కడు కూడా నవ్వడు, చూస్తుండు. నాకేం భయం లేదులే, గుంటలో నువ్వుంటావు. నువ్వెప్పుడైనా చోటు తప్పావా?"

"లేదు," అంది కాపా, పులుసు గిన్నె ఆయన ముందుకి జరుపుతూ. "ఎన్నడూ తప్పలేదు."